పిండికోడి కథ: వేములవాడ జైన సాహిత్యంలో అన్ని మతాలకు చెందిన ఒక ప్రశ్న

7.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– 10వ శతాబ్దిలో వేములవాడ ప్రాంతంలో వెలసిన జైన సాహిత్యం గురించి వివరించగలుగుతారు.
– సోమదేవసూరి యశస్తిలకంలోని పిండికోడి కథను విశ్లేషించగలుగుతారు.
– వేరువేరు మతగ్రంథాల్లో ఉన్న ఒకే భావాన్ని గుర్తించి, ఆ పోలికకు ఉన్న హద్దులను కూడా చెప్పగలుగుతారు.
– గ్రంథం లేని సంప్రదాయాలను ఎలా చదవాలో ఆలోచించగలుగుతారు.

7.1 పరిచయం

'అన్ని మతాల సారం ఒక్కటే' అన్న వాక్యం మనందరికీ తెలిసిందే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను దిద్దిన జవాబుపత్రాల్లో ఈ వాక్యం లేనివి తక్కువ. చాలా ఏళ్లు దానికి మార్కులు వేస్తూ వచ్చాను. ఆ వాక్యం తప్పని అనను. కానీ ఏ గ్రంథంలో ఏ భాగం చదివి విద్యార్థి ఆ మాటకు వచ్చాడో ఆ జవాబుల్లో కనిపించేది కాదు. చదవకముందే సిద్ధంగా ఉన్న ముగింపు అది. అలాంటి ముగింపు మంచిదే అయినా విమర్శ అనిపించుకోదు.

ఒక ఆదివారం కరీంనగర్‌లో సంపర్క తరగతి జరుగుతుండగా ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని లేచి అడిగింది: "సార్, అన్ని మతాల గ్రంథాలు అంటున్నరు. మా గోండోళ్లకు గ్రంథం లేదు. మరి మేము ఈ లెక్కలోకి వస్తమా, రామా?" ఆ రోజు నేను ఏదో సర్దిచెప్పి కూర్చోబెట్టాను. అది సమాధానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ పాఠం రాస్తున్నప్పుడు ఆ ప్రశ్న నా ముందు ఉంది.

మతాల ఉమ్మడి వివేకం గురించి స్థూలంగా మాట్లాడే బదులు మన ప్రాంతంలోనే పుట్టిన ఒక గ్రంథాన్ని, అందులోని ఒక కథను తీసుకుందాం. దాన్ని నిదానంగా చదివి, ఆ కథ అడిగిన ప్రశ్నను ఇతర మతగ్రంథాలు ఎలా అడిగాయో చూద్దాం. పోలిక ఎంతదూరం వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ తరువాత తేల్చుకుందాం.

7.2 నేపథ్యం: 10వ శతాబ్ది వేములవాడ

ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడను ఆనాడు వేములవాడ చాళుక్యులు ఏలేవారు. వారు రాష్ట్రకూటులకు సామంతులు. రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్న పంపకవి కన్నడంలో ఆదికవిగా ప్రసిద్ధుడు. 941 ప్రాంతంలో ఆయన ఆదిపురాణం, విక్రమార్జున విజయం అనే రెండు కావ్యాలు రాశాడు. మొదటిది తొలి తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్ర. రెండవది మహాభారత కథ. జైనుడైన కవి భారతాన్ని ఆదరంతో తన కావ్యవస్తువుగా తీసుకున్నాడు.

పంపని కుటుంబ చరిత్ర కూడా మన విషయానికి దగ్గరిదే. ఆయన పూర్వీకులు వేంగి ప్రాంతపు బ్రాహ్మణులు. వారిలో యజ్ఞాలు చేసిన సోమయాజి ఉన్నాడు. తండ్రి భీమప్పయ్య జైనమతం స్వీకరించాడు. అంటే యజ్ఞం చేసిన ఇంట్లోనే కొన్ని తరాలకు అహింసావ్రతం అడుగుపెట్టింది.

పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద జైన విగ్రహాలు చెక్కించి, ఒక శాసనం వేయించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. తెలుగు భాగం కందపద్యాల్లో ఉంది. నన్నయ భారతానికి సుమారు వంద సంవత్సరాల ముందే తెలుగులో కందం ఉందని చెప్పే ఆధారం ఇది. సాహిత్యచరిత్ర పాఠంలో దీన్ని ఛందస్సు కోసం చదివారు. ఇప్పుడు ఇంకొక విషయం గమనించండి. తన మతవిశ్వాసాన్ని చెప్పుకోవడానికి ఆ మనిషి మూడు భాషల వాళ్లనూ ఉద్దేశించి మాట్లాడాడు.

ఇదే వాతావరణంలో సోమదేవసూరి అనే జైన ఆచార్యుడు 959లో గంగాధరలో యశస్తిలకం పూర్తిచేశాడు. ఇది గద్యపద్యాలు కలిసిన సంస్కృత చంపూకావ్యం, ఎనిమిది ఆశ్వాసాలు. రాజనీతిపై నీతివాక్యామృతం రాసింది కూడా ఈయనే. 966 నాటి పర్భణి తామ్రశాసనం ప్రకారం, వేములవాడలోని శుభధామ జినాలయం కోసం మూడవ అరికేసరి సోమదేవునికి ఒక గ్రామాన్ని దానం చేశాడు.

7.3 కథాసంగ్రహం

యౌధేయ దేశపు రాజు మారిదత్తుడు చండమారి దేవతకు అన్ని జాతుల ప్రాణులను జంటలుగా బలి ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఆ బలిలో ఒక మానవ జంట కూడా ఉండాలి. భటులు ఇద్దరు చిన్నవయసు సన్యాసులను పట్టుకొస్తారు. వారు కవలలు: అభయరుచి, అభయమతి. రాజు వారి ముఖాలు చూసి చెయ్యి ఆపి, మీరెవరని అడుగుతాడు. అభయరుచి తమ పూర్వజన్మల కథ చెబుతాడు.

ఆ కథ ఇది. ఉజ్జయిని రాజు యశోధరుడు భార్య అమృతమతి ద్రోహాన్ని కళ్లారా చూసి రాజ్యం విడిచిపోవాలనుకుంటాడు. అసలు కారణం తల్లికి చెప్పలేక, పీడకల వచ్చిందని అబద్ధమాడతాడు. కీడు పోవడానికి జంతుబలి ఇమ్మంటుంది తల్లి చంద్రమతి. కొడుకు ఒప్పుకోడు. వాదన చాలాసేపు సాగుతుంది. చివరికి ఇద్దరూ ఒక రాజీకి వస్తారు: నిజమైన కోడికి బదులు పిండితో కోడిని చేసి బలి ఇద్దామని. యశోధరుడు పిండికోడిని నరుకుతాడు. తరువాత భార్య పెట్టిన విషంతో తల్లీకొడుకులిద్దరూ చనిపోతారు. నెమలి, కుక్క, మేక వంటి జన్మలెత్తి, ప్రతి జన్మలోనూ హింసకు గురవుతారు. చివరికి నిజమైన కోళ్లుగా పుట్టి, ధర్మోపదేశం విన్నాక బాణం దెబ్బకు చనిపోయి, ఈ కవలలుగా జన్మిస్తారు. ఇదంతా విన్న మారిదత్తుడు బలి మానుకుంటాడు.

ఈ కథ సోమదేవుడు కల్పించింది కాదు. అంతకుముందే హరిభద్రుని ప్రాకృత రచన సమరాదిత్యకథలో ఉంది. తరువాత 1209లో జన్న కన్నడంలో యశోధర చరితె రాశాడు. జైనకవులు ఇన్నిసార్లు ఈ కథ దగ్గరికే వచ్చారంటే, అందులో వారికి తప్పించుకోలేని ప్రశ్న ఏదో ఉండి ఉండాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
ప్రశ్న: యశోధరుడు పిండికోడిని బలి ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకున్నాడు? కథను మళ్లీ చూడకుండా రెండు వాక్యాల్లో రాయండి. తరువాత 7.3తో సరిచూసుకోండి.

7.4 విశ్లేషణ: పిండికి ప్రాణం లేదు కదా!

మొదటిసారి చదివినప్పుడు ఈ శిక్ష అన్యాయం అనిపిస్తుంది. కోడి చావలేదు. రక్తం కారలేదు. పైగా యశోధరుడు జంతుబలిని వ్యతిరేకించిన మనిషి. అలాంటివాడికి ఇన్ని జన్మల దుఃఖమా?

జైన శాస్త్రం హింసను రెండు విధాలుగా చూస్తుంది. శరీరానికి జరిగే హాని ద్రవ్యహింస. మనసులో పుట్టే హింసాభావం భావహింస. యశోధరుడు కత్తి ఎత్తినప్పుడు ఎదురుగా ఉన్నది పిండి. మనసులో ఉన్నది మాత్రం కోడి. నిజమైన బలి ఇస్తే వచ్చే ఫలం దీనికీ రావాలనే అతని కోరిక. ఆ కోరిక లేకపోతే ఆ పిండి ముద్దను నరకడానికి అర్థమే లేదు.

ఇంకొక విషయం కూడా ఉంది. ఈ బలికి మూలం ఒక అబద్ధం. తల్లితో నిజం చెప్పలేకపోయిన కొడుకు, ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి తనకు నమ్మకం లేని పని చేశాడు. కనుక ఈ కథ జంతుబలి గురించి మాత్రమే కాదు. మనసు ఒప్పని పనికి మధ్యేమార్గం వెతికి, అంతరాత్మను నోరుమూయించడం గురించి కూడా.

మన ఇళ్లలో గుమ్మడికాయకు కుంకుమ అద్ది కొట్టే అలవాటు ఉంది. అది బలికి ప్రత్యామ్నాయంగా వచ్చిందని పండితులు చెబుతారు. సోమదేవుడు అది చూస్తే ఏమనేవాడు? రక్తం చిందనందుకు మెచ్చుకునేవాడా, ఎర్రరంగు ఎందుకు అద్దావని అడిగేవాడా? రెండవదే అడిగేవాడని నా అభిప్రాయం. మీ అభిప్రాయం వేరైతే కారణం రాయండి, మార్కులు కారణానికే.

7.5 ఇదే ప్రశ్న ఇతర గ్రంథాల్లో

పని కన్నా దాని వెనుక ఉన్న సంకల్పం ముఖ్యమన్న భావం ఒక్క జైనానిదే కాదు.

బౌద్ధుల ధమ్మపదం అన్నిటికీ మనసే ముందు నడుస్తుందన్న భావంతోనే మొదలవుతుంది. దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో, పశువులను చంపకుండా నెయ్యి, పెరుగు, తేనె వంటివాటితో జరిగిన ఒక యజ్ఞాన్ని బుద్ధుడు వర్ణిస్తాడు. ఛాందోగ్యోపనిషత్తు మూడవ అధ్యాయం మనిషి జీవితాన్నే యజ్ఞంగా భావించి, తపస్సు, దానం, ఋజువర్తన, అహింస, సత్యం ఆ యజ్ఞానికి దక్షిణలని చెబుతుంది. భగవద్గీత మూడవ అధ్యాయంలో కృష్ణుడు, ఇంద్రియాలను బయటికి అణచిపెట్టి మనసులో విషయాలనే తలచేవాణ్ని మిథ్యాచారుడంటాడు.

మత్తయి సువార్త ఐదవ అధ్యాయంలో యేసు కొండమీద చేసిన ప్రసంగం ఉంది. హత్య చేసినవాడే కాదు, సోదరుడి మీద కోపం పెంచుకున్నవాడు కూడా తీర్పుకు లోనవుతాడని ఆయన బోధించాడు. ఖుర్ఆన్ 22వ అధ్యాయం ఖుర్బానీ గురించి చెబుతూ, అల్లాహ్‌ను చేరేది మాంసమో రక్తమో కాదనీ, మనిషిలోని భయభక్తులే అనీ అంటుంది. బుఖారీ హదీసు సంకలనంలో మొట్టమొదటిది, కర్మలు సంకల్పాన్ని బట్టి ఉంటాయని చెప్పే హదీసు.

ఇవి వేరువేరు దేశాల్లో, కాలాల్లో, భాషల్లో పుట్టిన మాటలు. చేతిని చూసి తృప్తిపడకుండా మనసును తడిమి చూడాలన్న పట్టుదల వీటన్నిటిలోనూ ఉంది. ఉమ్మడి వివేకం అంటే ఇదే. ఇది ఉందని మనం ఊహించలేదు, చదివి చూశాం.

7.6 పోలిక ఎక్కడ ఆగుతుంది?

పోలిక కనిపించగానే కలం కింద పెట్టేస్తే పని సగమే అవుతుంది. పై గ్రంథాలను ఇంకొక్కసారి చదవండి.

ఖుర్ఆన్ వాక్యం ఖుర్బానీని రద్దు చేయలేదు. భక్తి లేని ఖుర్బానీ వ్యర్థమంది. సోమదేవుడి దృష్టిలో భక్తితో చేసినా బలి బలే. ప్రశ్న ఒకటే; జవాబులు రెండు. గీత సంకల్పశుద్ధిని బోధిస్తూనే అర్జునుణ్ని యుద్ధానికి పంపుతుంది. మనసు నిర్లిప్తంగా ఉంటే బాణం వేయవచ్చునా అని జైనుడు అడుగుతాడు. సువార్తలో మనసులో చేసిన తప్పుకు పశ్చాత్తాపం, క్షమాపణ ఉన్నాయి, క్షమించే దేవుడున్నాడు. యశస్తిలకంలో క్షమించేవాడెవడూ లేడు. కర్మ తన ఫలాన్ని తాను ఇస్తుంది. ఉపదేశం విని మనిషి తానే మారాలి.

ఈ తేడాలను దాచితే మతాల మధ్య స్నేహం పెరుగుతుందని కొందరు అనుకుంటారు. నా అనుభవం వేరు. ఎదుటివాడి మతం నా మతంలాంటిదే అని చెప్పడం, అతని మాట పూర్తిగా వినకుండా తల ఊపడంలాంటిది. మన పల్లెల్లో పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లూ వస్తారు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె మొక్కు చెల్లించుకున్నవాళ్లు అక్కడికీ వెళ్లి మొక్కుతారు. శివుడూ, దర్గాలోని వలీ ఒకరేనని తేల్చుకున్న తరువాత వాళ్లు మొక్కడం లేదు. ఇద్దరు వేరని తెలిసే ఇద్దరికీ మొక్కుతున్నారు.

7.7 గ్రంథంలోని లోపాలు

యశస్తిలకాన్ని మెచ్చుకుంటూనే రెండు లోపాలు చెప్పాలి.

మొదటిది: ప్రాణులన్నిటి మీద దయ చూపమన్న ఈ గ్రంథం, పరమతస్థుల మీద దయ చూపించదు. మారిదత్తుడికి బలి సలహా ఇచ్చిన కౌలాచార్యుణ్ని కవి వట్టి మోసగాడిగా నిలబెట్టాడు. ఆ మతంవాళ్లు తమ ఆచారాన్ని ఎలా అర్థం చేసుకున్నారో వినిపించే గొంతు కావ్యంలో లేదు. సంకల్పాన్ని చూడాలన్న కవి, ఇతరుల సంకల్పాన్ని తానే నిర్ణయించేశాడు.

రెండవది: కథలో కీడంతా స్త్రీల నుంచే మొదలవుతుంది. భార్య ద్రోహం చేస్తుంది, తల్లి బలి ఇమ్మంటుంది. రాజు అబద్ధం చెప్పిన సంగతి వెనక్కి పోతుంది. అమృతమతి మనసులో ఏముందో తెలుసుకునే ప్రయత్నం కవి చేయలేదు.

కావ్యంలో ఉన్న సూత్రంతోనే కావ్యాన్ని పరీక్షించవచ్చు. అలా పరీక్షించినంత మాత్రాన గ్రంథం మీద గౌరవం తగ్గదు.

7.8 గ్రంథం లేనిచోట

ఇప్పుడు ఉట్నూరు విద్యార్థిని ప్రశ్నకు వద్దాం.

ఆదిలాబాద్ గోండుల పురాణగాథలను తరతరాలుగా ప్రధానులు కింగ్రి వాయిస్తూ పాడుతున్నారు. పహండి కుపార్ లింగాల్, జంగుబాయి కథలు వాటిలో ముఖ్యమైనవి. మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1940లలో ఈ ప్రాంతంలో పనిచేసి, 1948లో ఆదిలాబాద్ రాజగోండులపై పుస్తకం ప్రచురించాడు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. కాబట్టి 'గోండులకు రాత లేదు' అన్న మాట ఇప్పుడు చెల్లదు. కానీ విద్యార్థిని ప్రశ్నకు ఇది అసలు జవాబు కాదు. లిపి దొరికింది కనుక మీరూ లెక్కలోకి వచ్చారంటే, దొరకకపోయి ఉంటే రారనే కదా అర్థం!

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరికి వెళ్లి, నీళ్లు తెచ్చి దేవుణ్ని అభిషేకిస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడి ముందు నిలబెట్టి పరిచయం చేస్తారు. దీన్ని భేటింగ్ అంటారు. ఇది గ్రంథం కాదు. కానీ చదవదగినదే. నీళ్లు మోసే నడకలో నియమం ఉంది, నిష్ఠ ఉంది. 'నువ్వు ఇక మాలో ఒకదానివి' అని దేవుడి సాక్షిగా ఒక కొత్త మనిషికి చెప్పడం ఉంది. పుస్తకంలోని సంకల్పమనే మాటకు ఇక్కడ కాళ్లూ చేతులూ వచ్చాయి.

గోండు పూజల్లోనూ, మన పోచమ్మ పండుగల్లోనూ కోడిని, యాటను కోస్తారు. సోమదేవుడి కొలతతో చూస్తే ఇదంతా తప్పే. ఆ కొలత ఒక్కటే చాలదని నేను అనుకుంటాను. దేవుడికి ఇచ్చింది అందరూ పంచుకుని తినే చోట, ఎవరికీ చెప్పకుండా దుకాణంలో మాంసం కొని తినే చోట, పిండికోడిని కోసే చోట సంకల్పం ఒక్కటేనా? జైనుల ప్రశ్నను గోండుల ముందు పెట్టినట్లే, గోండుల ప్రశ్నను జైనుల ముందూ పెట్టాలి. అప్పుడే అది పోలిక అవుతుంది. లేకపోతే ఒకరు న్యాయమూర్తి, ఇంకొకరు ముద్దాయి అవుతారు.

ఆ విద్యార్థినికి ఇప్పుడు నేను చెప్పగలిగిన సమాధానం ఇది: "మీరు లెక్కలోకి వస్తారా అని అడగాల్సిన పని లేదమ్మా. మీరు లేని లెక్కే తప్పు."

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
ప్రశ్న: మీ ఊళ్లో జరిగే ఒక పండుగను గాని, జాతరను గాని తీసుకోండి. అందులో ఒక్క పనిని ఎన్నుకుని, దాని వెనుక ఉన్న సంకల్పాన్ని ఐదు వాక్యాల్లో రాయండి. ఆ పని చేసేవాళ్లను అడిగి తెలుసుకున్న తరువాతే రాయండి.

7.9 పఠనం, మననం

ఇలాంటి విషయాలకు వేగంగా చదవడం పనికిరాదు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి శ్రవణం, మననం, నిదిధ్యాసనం అనే మూడు మెట్లు చెప్పాడు. జైనుల తత్త్వార్థసూత్రం స్వాధ్యాయాన్ని ఐదు భాగాలు చేసి, అందులో ప్రశ్నించడానికి, పదేపదే తలచుకోవడానికి వేరువేరు స్థానాలిచ్చింది. ఐరోపాలో 12వ శతాబ్దికి చెందిన గుయిగో అనే క్రైస్తవ సన్యాసి పఠనం, మననం, ప్రార్థన, ధ్యానం అని నాలుగు మెట్లు రాశాడు. ఖుర్ఆన్‌ను లోతుగా ఆలోచిస్తూ చదవడాన్ని ముస్లింలు తదబ్బుర్ అంటారు. చదవడం ఎక్కడ ముగిసి ధ్యానం ఎక్కడ మొదలవుతుందో ఈ సంప్రదాయాలేవీ గట్టి గీత గీయలేదు.

మీరు ఇంటి దగ్గర ఇలా చేసి చూడండి. ఒక చిన్న భాగాన్ని రెండుసార్లు చదవండి. రెండోసారి పైకి చదవండి. పుస్తకం మూసి పది నిమిషాలు మౌనంగా కూర్చోండి. మనసులో నిలిచిన ఒక్క మాటను నోటుపుస్తకంలో రాయండి. మరునాడు అదే విషయం మీద వేరే మతగ్రంథంలోని భాగంతో ఇలాగే చేయండి. మూడోరోజు రెండిటినీ పక్కపక్కన పెట్టి, కలిసినవి ఒక వైపు, కలవనివి ఇంకొక వైపు రాయండి. రెండో వరుస ఖాళీగా ఉంటే, మీరు సరిగా చదవలేదని అర్థం. మొదటి వరుస ఖాళీగా ఉన్నా అంతే.

బీడీలు చుట్టుకుంటూ, పొలం పనులు చూసుకుంటూ, సింగరేణి షిఫ్టు దిగివచ్చి చదువుకునేవాళ్లు మీలో ఉన్నారని నాకు తెలుసు. పది నిమిషాల మౌనం మీకు ఖరీదైనదే. అయినా అడుగుతున్నాను, ఈ పాఠంలో పరీక్ష తరువాత కూడా మీ దగ్గర మిగిలేది అదే.

7.10 సారాంశం

959లో గంగాధరలో పూర్తయిన యశస్తిలకం, ప్రాణం లేని పిండికోడిని నరికినా హింసేనని చెప్పి, దృష్టిని పని మీదనుంచి సంకల్పం మీదికి మళ్లించింది. ఈ భావం బౌద్ధ, వైదిక, క్రైస్తవ, ఇస్లాం గ్రంథాల్లోనూ కనిపిస్తుంది. అయితే బలి, యుద్ధం, క్షమాపణ అనే విషయాల్లో వాటి జవాబులు వేరు. పరమతస్థులను, స్త్రీలను చిత్రించడంలో గ్రంథం తన సూత్రాన్ని తానే పాటించలేదు. గ్రంథం లేని గోండు సంప్రదాయాన్ని కూడా సమానంగా ముందు పెట్టుకుని చదివినప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పిండికోడి కథలోని హింసాభావనను విశ్లేషించి, ఇతర మతగ్రంథాల్లోని భావాలతో పోల్చండి.
2. 'మతాల మధ్య తేడాలను గుర్తించడం గౌరవంలో భాగం.' చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జినవల్లభుని కురిక్యాల శాసనం ప్రాముఖ్యం ఏమిటి?
2. యశస్తిలకంలోని లోపాలను వివరించండి.
3. నాగోబా జాతరను సాహిత్య విద్యార్థి ఎలా చదవాలి?